ఏడో రీలు

మా నాన్న ఏ సినిమా మొత్తంగా చూడలేదు.
ఒక్క ప్రింటు, రెండు హాళ్ళు:
పాతూళ్ళో లీలావతి, జ్ఞానాపురంలో సీతామహల్.
అక్కడ ఆరింటికి మొదలైన బొమ్మ
ఇక్కడ ఆరూ నలభైకి.
ఆ నలభై నిమిషాల మధ్య గొంప పోలిరాజు,
వెనక చక్రం సొట్టపడ్డ సైకిలు,
కేరియర్‌కి ట్యూబు ముక్కతో బిగించిన రేకు డబ్బాలు.

మొన్నెవరో కుర్రాడొచ్చాడు.
ఫోను ముందు పెట్టి
సినిమా చరిత్రలో మైలురాళ్ళు చెప్పండి తాతా, అన్నాడు.
నాన్న చాలాసేపు ఆలోచించి,
"కురుపాం మార్కెట్టు కాడ ఎత్తు. దిగి తొయ్యాల.
పూర్ణా మార్కెట్టు కాడ ఉల్లిపాయల బళ్ళు.
అది దాటితే రైలు గేటు.
మొత్తం మైలున్నర బాబూ,
రాయి ఒక్కటీ నేదు."

రంగులొచ్చినప్పుడో?
"డబ్బా రంగు అదే."
తెర వెడల్పయినప్పుడు?
"సైకిలు వెడల్పవనేదు కదా."
డెబ్భై ఎం.ఎం.?
అప్పుడు మాత్రం అరచేతులు చూసుకున్నాడు.
"అది బరువు.
దాన్ని పంచుకోడానికి అవదు.
ఆ హాలోళ్ళు నన్ను లోపలికి కూడా పిలవనేదు."

నేను పక్కనే చిక్కుళ్ళు ఒలుస్తున్నాను.
ఆ వాన రాత్రి చెప్పు నాన్నా, అన్నాను.
చెప్పలేదు. కాబట్టి నేనే చెప్పాను.

రేవుకి పోయే ఇనపరాయి గూడ్సు
గేటు మధ్యలో నిలబడిపోయింది.
ఇవతల నాన్న, ఆయన వెనక ఏడూ ఎనిమిదీ,
అవతల సీతామహల్లో ఆరో రీలు సగం దాటింది.
లెక్కపెడితే అరవై రెండు పెట్టెలట, ఆ బండికి.
చివరి పెట్టె కదిలేసరికి
డబ్బాల మీది సుద్ద అంకెలు
ఆయన చొక్కా వీపు మీద తెల్లగా కారాయి.
ఆపరేటర్ సత్తార్ సాయిబు
చేతికందింది ఎక్కించాడు.

ఎనిమిది ముందు. ఏడు తరవాత.

హీరో పాడె మీద పోయాడు.
హాలంతా ముక్కులు చీదుకుంది.
పది నిమిషాలు గడిచాయో లేదో
అదే హీరో, అదే చారల చొక్కా,
చెరుకు గెడ నవుల్తూ గట్టు మీద నడిచొచ్చాడు.

ఎవరూ ఊపిరి తియ్యలేదు.
తరవాత కుర్చీలు కొట్టారు, చిల్లర విసిరారు.
ఆడవాళ్ళ బెంచీలో తెరేజమ్మ
శిలువ గుర్తేసుకుని,
"మూడో దినం దాకా కూడా ఆగనేదర్రా
మా నాయిన!" అందట.

మేనేజరు జీతంలో ఐదు రూపాయలు కోశాడు.
మర్నాడు టిక్కెట్టు కిటికీ దగ్గర
జ్ఞానాపురం అడిగింది ఒకటే మాట:
లేచొచ్చేదే ఏస్తారా?
వారం రోజులు అలాగే వేశారు.
ఐదు రూపాయలు మాత్రం లేచి రాలేదు.

కుర్రాడి ఫోనులో అప్పటికే ఛార్జింగు అయిపోయింది.

తరవాత కొండ మీద టవరు లేచింది.
ఆదివారం సాయంత్రాలు
పోర్టు క్వార్టర్సులో గుమాస్తాగారి కిటికీ ఊచలకి
పిల్లలం వేలాడేవాళ్ళం, గబ్బిలాల్లా.
నన్ను వెతుక్కుంటూ వచ్చిన నాన్న
కిటికీలోంచి తల దూర్చి
పెట్టె వెనక వైపే చూశాడు.
"రీళ్ళెక్కడ మారుస్తన్నారమ్మా ఈళ్ళు?"
గుమాస్తాగారి భార్య నవ్విన నవ్వు
నాకింకా గుర్తుంది, ఆయనకి లేదు.

లీలావతి పైకప్పు తుపాను పట్టుకుపోయింది.
సీతామహల్లో ఇప్పుడు సిమెంటు బస్తాలు.
బొమ్మ ఆకాశంలోంచి దిగుతుందట,
చెమట పట్టకుండా, గేటు పడకుండా.

పోయిన నెల బీచ్ రోడ్డులో
మెత్తటి కుర్చీల హాలుకి తీసుకెళ్ళాను.
డెబ్భై ఆరేళ్ళకి మొదటి పూర్తి సినిమా.
ఆయన బొమ్మ చూడలేదు.
తెర పైన కుడి మూలే చూస్తూ కూర్చున్నాడు,
రీలు అయిపోయే ముందు చుక్క పడే చోటు.
పడలేదు.
రెండుసార్లు చీకట్లో కుడికాలు లేచి
పెడల్ వెతుక్కుని
దిగింది.

బయటికొస్తే ఉప్పుగాలి.
ఎలా ఉంది నాన్నా?

"ఈడూ చచ్చిపోనాడు కదే...
తరవాత డబ్బా ఎవుడు తెస్తన్నాడు?"

ఆటో దొరకడానికి చాలాసేపు పట్టింది.